దెబ్బలు లెక్కపెట్టే పని

"మనది గట్టి భూమి సారూ, ఇక్కడ భూకంపమేంది?" బోధన్ వైపు మట్టి పరీక్షకు ఎక్కడికి పోయినా ఇంటి ఓనర్లు అడిగేది ఇదే. సగం నిజమే. భూకంపాల మ్యాపులో మనది రెండో జోన్, ముప్పు తక్కువ. అయితే 1993 సెప్టెంబర్ 30న కిల్లారిని నేలమట్టం చేసిన భూకంపం వచ్చిందీ అప్పటి మ్యాపులో అతి తక్కువ ముప్పున్న జోన్‌లోనే. కిల్లారి ఎంత దూరం? నాందేడ్ దాటితే అది ఉన్న లాతూరే.

వదులైన ఇసుక, దాని సందుల నిండా నీరు ఉన్నచోట భూకంపానికి నేల గట్టిగా ఊగితే రేణువులు దగ్గరికి సర్దుకోబోతాయి. నీటికేమో బయటికి పోయే వ్యవధి ఉండదు. దాని ఒత్తిడి పెరిగి రేణువుల మధ్య పట్టు తప్పుతుంది, బరువు మోసే నేల కాసేపు ద్రవమైపోతుంది. లిక్విఫాక్షన్ అంటే ఇదే. 1964లో జపాన్‌లోని నీగాతలో అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగాయి. 2001 భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో ఇసుక, నీరు పైకి చిమ్మాయి.

చెరుకు పండే నల్లరేగడికి ఈ జబ్బు రాదు. ఉబ్బడం, నెర్రెలివ్వడం దాని రోగం. నిజామాబాద్ టౌన్‌లో చాలాచోట్ల కొద్ది లోతులోనే మొరం తగులుతుంది. నా అనుమానమంతా కందకుర్తి దాకా మంజీర ఒడ్డు మీదే. పైన నల్లమట్టి, కింద ఏటి ఇసుక ఉండొచ్చు. నిజాంసాగర్ కాలువ పారే రోజుల్లో ఊట పైకొస్తుంది కాబట్టి ఎండాకాలంలో కొలిచిన నీటిమట్టాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

పరీక్ష మోటుదే. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టాన్ని నేలలోకి దింపుతాం. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 దిగడానికి పడ్డ దెబ్బలు రాసుకుంటాం. ఐదారుకే దిగిపోయి, గొట్టం విప్పితే జిగట లేని తడి ఇసుక రాలిందా, జాగ్రత్త పడాల్సిందే. మధ్యాహ్నం ఎండకు అలసిన కుర్రాళ్లు సుత్తిని 60 దాకే ఎత్తుతారు. అప్పుడు దెబ్బలు ఎక్కువ పడి, కాగితం మీద నేల గట్టిదైపోతుంది! అందుకే రాడ్డు మీద సుద్దతో గీత గీయించి పక్కనే నిలబడతాను.

ఆ దెబ్బల నుంచి నేల తట్టుకునే శక్తిని లెక్కగట్టి, భూకంపం పెట్టే ఒత్తిడితో భాగిస్తాం. ఒకటికి తగ్గితే ప్రమాదం. పద్ధతి 1971లో సీడ్, ఇద్రిస్ చూపింది. మన ఐఎస్ 1893 కోడ్‌లోనూ ఉంది. మన జోన్‌లో ఊపు తక్కువ కాబట్టి ఒకటి దాటే అవకాశమే ఎక్కువ. ఏటి ఒడ్డున వాటర్ ట్యాంకో వంతెనో కడుతుంటే మాత్రం పక్క ప్లాటు రిపోర్టు చెల్లదంటాను. లెక్క ఒకటికి తగ్గితే ఇసుకను దట్టించాలి, లేదా పైల్స్‌ను దాన్ని దాటించి గట్టి పొర దాకా దింపాలి.