నరికినను చావని కంచె

శీతకాలమున ఇంగ్లండు పల్లెలలో పొలముగట్టున కొందరు స్వచ్ఛంద సేవకులు చేయుచుండు పనిని క్రొత్తవాడు చూచినచో, బ్రతికియున్న చెట్లను వరుసగా నరికివేయుచున్నారని భ్రమపడును. నిజమునకు వారు ముసలిదైన కంచెకు మరల యౌవనము కల్పించుచున్నారు.

ఆ దేశమున పొలములకు సరిహద్దులు చాలచోట్ల హాథారన్, బ్లాక్‌థారన్ అను ముండ్లమొక్కల కంచెలే. 1750, 1850 సంవత్సరముల మధ్య ఉమ్మడి నేలలను విభజించినపుడు నాటినవి వానిలో పెక్కు. పట్టించుకొనక విడిచినచో ఈ మొక్కలు పొడవుగా పెరిగి చెట్లగును. కొనమొగ్గ తయారుచేయు ఆక్సిన్ అను హార్మోను క్రిందికి దిగి, దిగువ మొగ్గలను నిద్రాణముగా నుంచును. పైగా నీడ పడి క్రిందికొమ్మలు ఎండును. పైన గుబురు, క్రింద సందులు: గొఱ్ఱెలకు అంతకంటె కావలసినదేమి?

పైన కత్తిరించినంత మాత్రమున ఆ సందులు పూడవు. అందుచే మచ్చుకత్తి వంటి పనిముట్టుతో ప్రతి కాండమును నేలకు దగ్గరగా, ఏటవాలుగా నరుకుదురు. కాని పూర్తిగా తెగనీయరు. ఒక ప్రక్క బెరడును, దానినంటిన పలుచని కొయ్యయు నాలుకవలె మిగులును. నేర్పంతయు ఇచ్చటనే యున్నది. నాలుక మందమైనచో వంచునపుడు కాండము చీలిపోవును. మరీ పలుచనైనచో తెగిపోవును. లోపలి పాతకొయ్య ముఖ్యముగా ఊతనిచ్చునదే. నీటిని పైకి గొనిపోవు క్రొత్త దారువు, ఆహారమును దింపు పోషక కణజాలము, వాని నడుమనుండు కేంబియము బెరడును ఆనుకొనియే యున్నవి. కావున ఆ నాలుక ఆధారముతో వాలిన కాండము బ్రతుకును.

అయితే అసలు ఫలితము మోడునుండి వచ్చును. కొనమొగ్గ అదుపు తొలగుటతో మోడుమీది మొగ్గలు వసంతమున మేల్కొని నేలనుండియే చిగుర్చును. గోరింటకంచె తలలు కత్తిరించినపుడు ప్రక్కకొమ్మలు వచ్చుట విద్యార్థులు బడితోటలో చూచునదే. ఇచ్చట కోత నేలవరకు దిగినది, అంతియే భేదము.

వాల్చిన కాండములను సుమారు 45 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పాతిన గుంజల నడుమ ఇమిడ్చి, పైన హేజెల్ బెత్తములను జడవలె అల్లుదురు. ఆకులు రాలిన పిమ్మట మొదలిడిన పని మార్చిలోపున ముగియవలెను. ఆపైన పక్షులు గూళ్లు కట్టుకొనును.

1945 తరువాత పెద్దయంత్రములకు చోటిచ్చుటకై వేలకొలది మైళ్ల కంచెలను పెరికివేసిరి. స్థానికాధికారులకు తెలుపక వానిని తొలగించుటను ఇంగ్లండు, వేల్సులలో 1997 నాటి నిబంధనలు చాలవరకు అరికట్టినవి. కాని మిగిలిన కంచెలను వాల్చుటకు చేతులు కావలెను గదా! 1959లో ఏర్పడిన కన్సర్వేషన్ కోర్ వంటి స్వచ్ఛంద దళముల అవసరము ఇచ్చటనే కలుగును.

క్రొత్తగా చేరినవానికి మొదట ముండ్లతీగలను లాగివేయు పని అప్పగింతురు. పిదప ఒక్క కాండము. పగలంతయు శ్రమించినను అతడు పూర్తిచేయునది కొద్ది గజములే. ఆ నాలుకను సరియైన మందమున నిలిపెనో లేదో వసంతమున చిగుళ్లు కనబడువరకు అతనికి తెలియదు.