పెళ్లి ఫోటోకు ‘రా’ ఫైలే ధీమా

పిట్టలవానిపాలెం: వరి పండించే ఈ మండలంలో కెమెరా కొని పెళ్లిళ్లకు వెళ్లదలచిన కుర్రాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. కెమెరాలోని ‘రా’ ఫైలు వడ్ల వంటిది. జేపెగ్ మరపట్టిన బియ్యం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ల రా ఫైలులో 16,384.

పందిట్లో దీపాల వెలుగుకు పెళ్లికూతురి ముఖం మరీ పచ్చబడినా, వైట్ బ్యాలెన్స్ సవరిస్తే అసలు రంగు తిరిగి వస్తుంది. నీడ పడిన తాతగారి ముఖాన్నీ తేర్చవచ్చు. ఎండకు మధుపర్కాల తెలుపు పూర్తిగా మాడితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. వెలుగు కాస్త తగ్గించి తీయడమే మేలు.

చామనఛాయ పిల్లను పాలలా తెల్లగా చేయడం కొత్తవారికి సరదా. కన్నతల్లే గుర్తుపట్టని ఫోటో ఎవరికి కావాలి?

డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగానే లభిస్తాయి. వాటిలో చేసిన మార్పులు పక్క ఫైలులో ఉంటాయి. అసలు ఫైలు చెదరదు.