ట్రిగ్గరు బరువు (షూటింగు క్రీడ)
ట్రిగ్గరు బరువు అనగా తుపాకీ పేలుటకు ట్రిగ్గరుపై వేలితో కలిగించవలసిన కనీస బలం. షూటింగు క్రీడలో దీనిని గ్రాములలో చెప్పుట వాడుక. అంతర్జాతీయ షూటింగు క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం ఇది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాములకు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములకు తగ్గరాదు. ఎయిర్ రైఫిల్‌కు ఇటువంటి పరిమితి లేదు.

సికింద్రాబాదు-హైదరాబాదు జంటనగరాల క్రీడాకారిణి ఈషా సింగ్ ఈ రెండు పిస్టల్ పోటీలలోనూ పాల్గొంటుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో రెండింటిలోనూ వ్యక్తిగత రజతాలు, 25 మీటర్ల జట్టు పోటీలో స్వర్ణం, 10 మీటర్ల జట్టు పోటీలో రజతం సాధించింది. అనగా ఒకే వేలు రెట్టింపు తేడా గల రెండు ట్రిగ్గర్లకు అలవాటు పడవలెను. చూచుటకు చిన్న విషయమే అయినా ఇది సులువు కాదు.

==సర్దుబాటు==
పోటీ పిస్టళ్ళలో ట్రిగ్గరు సాధారణంగా రెండు దశలలో కదులుతుంది. మొదటి దశలో తేలికగా వెనుకకు జరిగి ఆగుతుంది. అక్కడినుండి మరికొంత నొక్కినపుడు లోపలి కొక్కెం పట్టు విడిచి గుండు వెలువడుతుంది. స్ప్రింగు బిగువును, రెండు దశల నిష్పత్తిని చిన్న మరలతో మార్చవచ్చును.

తనిఖీలో గొట్టాన్ని నిటారుగా నిలిపి, ట్రిగ్గరుకు తూకపురాయి తగిలించి పైకెత్తుతారు. పేలకుండా రాయి లేవవలెను; ఇందుకు గరిష్ఠంగా మూడు ప్రయత్నాలు ఇస్తారు. పోటీ అనంతర తనిఖీలో విఫలమైతే అనర్హత తప్పదు. కనుక అనుభవజ్ఞులు పరిమితికి కొద్దిగా ఎక్కువగానే ఉంచుకొంటారు.

==గుళ్ళు==
ఎయిర్ పిస్టల్‌లో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు, 25 మీటర్ల పిస్టల్‌లో 5.6 మిల్లీమీటర్ల తూటాలు వాడతారు. ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేత పిస్టల్‌ను బిగించి, వేర్వేరు తయారీ విడతల గుళ్ళు కాల్చి, రంధ్రాలు దగ్గరగా పడిన విడతను ఎంచుకొంటారు. ఒక గొట్టానికి కుదిరినవి అదే నమూనాలోని మరొకదానికి కుదరకపోవచ్చును.