రుక్మిణీదేవి మనుమడు

రుక్మిణీకల్యాణము మన విజయనగర ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దానిని హరికథగా రచించిరి. పెండ్లి కావలసిన కన్యలచే ఆ ఘట్టమును చదివించు నాచారమును కలదు. అయినను ఆ రుక్మిణికి కలిగిన కొడుకెవరు, మనుమడెవరు అని యడిగినచో విద్యార్థులు పలువురు దిక్కులు చూచుచుందురు. పెండ్లితో కథ ముగిసినదని వారి తలంపు. వినోదము అటుపిమ్మటనే యున్నదని మా మనవి.

కృష్ణుడు రుక్మిణిని రథముపై గొనిపోవుచుండగా, ఆమె యన్న రుక్మి వెంటబడి యోడిపోయెను. తలయు మీసములును వికృతముగా గొరిగింపబడి, సిగ్గుచే కుండినపురమునకు మరలక భోజకటమున నుండిపోయెను. ఆ రుక్మియే పిదప చెల్లెలి సంతోషముకొరకు తన కూతును మేనల్లుడగు ప్రద్యుమ్నున కిచ్చెను! పగ యెంతటిదైనను మేనరికము మేనరికమే గదా.

ప్రద్యుమ్నుని కొడుకు అనిరుద్ధుని కథ మరియు చక్కనిది. బాణాసురుని కూతురు ఉష యొక చిన్నవానిని కలగనెను. చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములు వ్రాసి యొక్కొక్కటియే చూపసాగెను. ప్రద్యుమ్నుని రూపము చూడగనే ఉష సిగ్గుపడెనని సంస్కృత మూలమున నున్నది. ఆయన కాబోవు మామగారు! పిదప చిత్రరేఖ ద్వారకకు బోయి, నిద్రించుచున్న అనిరుద్ధుని నట్లే తెచ్చివైచెను. కన్నె నెత్తుకొనిపోయినవాని మనుమని నొక కన్నె యెత్తించుకొనిపోయినది. నారదుడు వచ్చి చెప్పువరకు వానకాలపు నాలుగు నెలలు ద్వారకలో దుఃఖమే. ఒకనాడు పెండ్లికూతురి తండ్రి భీష్మకుని యింట రేగిన కలవరము ఇప్పుడు కృష్ణుని యింట! మొదటి కథ నెరిగినవానికే యిచ్చట నవ్వు వచ్చును.

పింగళి సూరన 16వ శతాబ్దమున ప్రద్యుమ్నుని మరియొక వలపుకథను ప్రభావతీప్రద్యుమ్నముగా రచించి తన తండ్రికే యంకితమిచ్చెను. కొడుకు కథను కొడుకు తండ్రికిచ్చుట మాకు ముచ్చటగా నున్నది.

అమెరికాలో లూయిసా మే ఆల్కాట్ అను నామె 1868లో 'లిటిల్ విమెన్' ప్రకటించెను. అందు అల్లరిపిల్లయగు జో, 1871 నాటి 'లిటిల్ మెన్'లో బాలుర పాఠశాల నడుపు తల్లిగా కనబడును. అల్లరివాండ్రను ఆమె యంతగా నెరుగుటకు కారణము మొదటి పుస్తకముననే కలదు.

ఇట్టివి పరీక్షకు రావని పిల్లల చేతినుండి పుస్తకము లాగుకొను తల్లిదండ్రులు కలరు. వారి భయము మేమెరుగనిది కాదు. కాని తాతగారికిని ఒకప్పుడు పదునారేండ్లుండెనని బాలునకు నవ్వుచు తెలియునది ఇట్టి కథలయందే.

పోతన భాగవతమున దశమస్కంధ పూర్వభాగము రుక్మిణీకల్యాణముతో ముగియును. పుస్తకము మూయక ఉత్తరభాగము తెరచినచో, ప్రద్యుమ్నుడు పుట్టుచున్నాడు.