నొప్పి తగ్గడమే స్వస్థత కాదు

ఆటలో గాయపడిన బిడ్డను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళిన తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “మళ్ళీ ఎప్పుడు ఆడగలడు?” సహజమైన ప్రశ్నే. అయితే దాని జవాబును చాలామంది నొప్పిని చూసి నిర్ణయిస్తారు. వాపు తీసింది, కుంటడం మానాడు, ఇక మైదానానికి పంపవచ్చునని భావిస్తారు. మేము బోధించే పిల్లలు అసర్ తరువాత ఆటకు పోయేటప్పుడు కూడా ఈ తొందరనే చూస్తుంటాము. క్రీడావైద్యం నేర్పుతున్న పాఠం వేరు. నొప్పి తగ్గడం ఒకటి, అవయవం బలం పుంజుకోవడం మరొకటి.

ఈ భేదం తెలియాలంటే శిక్షణ శరీరంలో ఎలా పనిచేస్తుందో గ్రహించాలి. వ్యాయామం చేస్తున్నంతసేపు శరీరం బలపడదు, అలసిపోతుంది. తరువాత లభించే ఆహారం, నిద్ర, విశ్రాంతులలోనే అది తనను తాను సరిచేసుకుని మరింత భారానికి సిద్ధమవుతుంది. అన్ని భాగాలూ ఒకే వేగంతో సిద్ధం కావు. రక్తప్రసరణ పుష్కలంగా ఉన్న కండరాలు కొద్ది వారాలలోనే బలపడతాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్లకు, ఎముకను ఎముకతో బంధించే లిగమెంట్లకు నెలలు పడుతుంది. కండరం సిద్ధమైనదని భారం పెంచితే, వెనుకబడిన భాగం దెబ్బతింటుంది.

మోకాలినే ఉదాహరణగా తీసుకుందాం. దాని లోపల ఎ.సి.ఎల్. అనే లిగమెంటు ఉంటుంది. కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ వంటి ఆటలలో హఠాత్తుగా మలుపు తిరిగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు అది తెగవచ్చు. ‘టప్’మని శబ్దం, కొన్ని గంటలలోనే వాపు, కాలు నిలవక జారిపోతున్న భావన దాని లక్షణాలు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గాని లిగమెంటు కనిపించదు. కనుక “ఎముక విరగలేదు” అన్న మాటతో తృప్తిపడి నాటుకట్టుతో సరిపెట్టుకోరాదు. వైద్యుడు చేతితో చేసే పరీక్ష, ఎం.ఆర్.ఐ. స్కానింగ్ అసలు సంగతి తెలుపుతాయి.

శస్త్రచికిత్స అందరికీ అవసరం కాదు. అవసరమైనవారికి సాధారణంగా వారి టెండాన్ నుండే ఒక ముక్కను తీసి లోపల అమర్చుతారు. మొదట దానికి రక్తప్రసరణ ఉండదు. క్రమంగా కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు దానిలోనికి చేరుతాయి. ఈ మార్పు జరిగే తొలి నెలలలో ఆ ముక్క, అమర్చిన నాటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అదే కాలంలో నొప్పి, వాపు తగ్గిపోతాయి. యువకునికి తాను పూర్తిగా కోలుకున్నాననిపిస్తుంది. ప్రమాదం పొంచి ఉన్నది ఇక్కడే.

నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని అంకెలలో చూపింది. శస్త్రచికిత్స తరువాత 9 నెలల వరకు, ఆటకు తిరిగి రావడం ఆలస్యమైన ఒక్కొక్క నెలకు మోకాలు మళ్ళీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. నెలలు గడిస్తే చాలదు. గాయపడిన కాలి తొడకండరం రెండవ కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరిందో లేదో కొలిచి చూడాలి.

విశ్రాంతి అంటే మంచం పట్టడం కాదు. గాయానికి విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తున ఉంచడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తరువాతి కాలంలో తానే చెప్పారు. సాధారణ బెణుకులకు నేడు సూచించేది కొద్ది రోజుల రక్షణ, ఆపై నొప్పి పెరగని మేరకు మెల్లగా కదలిక, భారం. మోకాలికి చికిత్స పొందుతున్నవారు కాలిని బలవంతంగా మడవనక్కరలేదు. నిపుణులు అనుమతించేవరకు నమాజును కుర్చీపై కూర్చుని ఆచరించవచ్చు.

గాయం కాకుండా చూసుకోవడం ఇంకా మేలు. ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం రూపొందిన ‘ఫిఫా 11+’ అనే 20 నిమిషాల సన్నాహక వ్యాయామం, క్రమం తప్పక చేసినవారిలో గాయాలను సుమారు మూడవ వంతు తగ్గించినట్లు పరిశోధనలు తెలిపాయి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే బాలికలలో ఎ.సి.ఎల్. గాయాలు బాలురకంటే రెట్టింపుకు పైగా ఉంటాయి గనుక ఆడపిల్లలకు ఇది మరీ అవసరం. నిద్ర కూడా శిక్షణలో భాగమే. 8 గంటలకంటే తక్కువ నిద్రించే కౌమార క్రీడాకారులకు గాయాల ముప్పు 1.7 రెట్లు ఉన్నట్లు 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం పేర్కొంది.

ఓపికకు ఫలితం ఉంటుందనడానికి మన నేలపైనే నిదర్శనాలున్నాయి. 1994లో మోకాలికి తీవ్రగాయమైన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యారు. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స చేయించుకున్న నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది.

గాయపడిన బిడ్డ పక్కన కూర్చున్న తల్లిదండ్రులారా, “ఎప్పుడు ఆడగలడు?” అని వైద్యుని అడగండి. దానితో పాటు “ఆడగల బలం వచ్చిందని ఏ పరీక్షతో తెలుస్తుంది?” అని కూడా అడగండి. ఒక టోర్నమెంటు తప్పిపోతే మరొకటి వస్తుంది. ఆ బిడ్డ జీవితాంతం నడవవలసినది ఆ మోకాళ్ళ మీదనే.