మరో మూసీ ఒడ్డున ఇల్లు

మూసీ అనగానే మనకు హైదరాబాదు గుర్తుకు వస్తుంది. కానీ ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో మరో మూసీ ఉంది. సుమారు 750 కిలోమీటర్లు ప్రవహించే ఆ నది పాలెంబాంగ్ నగరాన్ని రెండు భాగాలు చేసి సముద్రం వైపు సాగుతుంది. రెండు నదులకూ పేరు ఒక్కటే తప్ప మరే సంబంధమూ లేదు. అయినా ఆ మూసీ ఒడ్డు గురించి నేను ఇంతగా తెలుసుకోవలసి రావడానికి ఒక ఉత్తరం కారణం.

ఆ ఉత్తరం రాసినవాడు ఒకప్పుడు మా మద్రసాలో చదువుకున్న విద్యార్థి. మలేషియాలో ఉద్యోగం చేస్తూ, అక్కడే పనిచేస్తున్న పాలెంబాంగ్ యువతిని నికాహ్ చేసుకున్నాడు. ఇప్పుడు భార్యాభర్తలు ఆమె పుట్టిన ఊరిలో స్థిరపడాలనుకుంటున్నారు. చేతిలో పన్నెండేళ్ల పొదుపు ఉంది. "హజ్రత్, అక్కడి చట్టం ప్రకారం విదేశీయుడినైన నా పేర సొంత భూమి ఇవ్వరట. బావమరిది పేర కొని, అసలు యజమానివి నీవేనని ఆయన చేత లోపాయికారీగా ఒక కాగితం రాయించుకో, అందరూ చేసే పనే ఇది అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఇది ధర్మసమ్మతమేనా?" అని అడిగాడు.

గల్ఫ్‌లోనూ మలేషియాలోనూ శ్రమించి నాలుగు రూపాయలు కూడబెట్టిన మన కుటుంబాలు చాలా ఉన్నాయి. కనుక అతనికి రాసిన జవాబును కొంత విస్తరించి ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

నగరం, దాని పేటలు

పాలెంబాంగ్ పురాతన నగరం. శ్రీవిజయ సామ్రాజ్యానికి కేంద్రంగా వెలిగి, తర్వాత పాలెంబాంగ్ దారుస్సలామ్ సుల్తానులకు రాజధాని అయింది. నగర నడిబొడ్డున ఉన్న పెద్ద మసీదును సుల్తాన్ మహ్మూద్ బదరుద్దీన్ కాలంలో 1738లో ప్రారంభించి 1748లో పూర్తి చేశారు. అదే శతాబ్దంలో ఈ నగరవాసి షేఖ్ అబ్దుస్సమద్ అల్ పలింబానీ అరబ్బు దేశంలో ఉంటూ, ఇమామ్ గజాలీ గారి ఇహ్యా గ్రంథ సారాన్ని 'సియరుస్సాలికీన్' పేరుతో మలయ్ భాషలోకి తెచ్చారు. ఈనాడు నగర జనాభా 16 లక్షలకు పైగా ఉంది.

నదికి ఉత్తరపు ఒడ్డును ఇలిర్ అనీ, దక్షిణపు ఒడ్డును ఉలు అనీ పిలుస్తారు. పేటలకు అంకెలే పేర్లు: 30 ఇలిర్, 13 ఉలు, అలాగే మిగిలినవి. రెండు ఒడ్డులనూ కలిపే అంపెరా వంతెన 1965లో ప్రారంభమైంది. పొడవు 1,100 మీటర్లకు పైమాటే. పెద్ద ఓడలు వెళ్లడానికి దాని మధ్యభాగాన్ని పైకి లేపేవారు. 1970లో ఆ పద్ధతి ఆగిపోయింది. 2018లో ఆసియా క్రీడల సందర్భంగా విమానాశ్రయం నుంచి జకబారింగ్ వరకు లైట్ రైలు వేశారు. 2019లో మూసీ నాలుగో వంతెన తెరచుకుంది. ఇలాంటి నిర్మాణాలు జరిగినప్పుడల్లా నేల ధర కదులుతుంది, మధ్యవర్తుల నోళ్లు తెరచుకుంటాయి.

నది వెంట ఉన్న పాత పేటలలో నేటికీ స్తంభాల మీద నిలిచిన కర్ర ఇళ్లు కనిపిస్తాయి. కొన్ని చోట్ల నీటి మీద తేలే తెప్ప ఇళ్లూ ఉన్నాయి. సుల్తానుల కాలంలో చైనా వర్తకుల వంటి విదేశీయులు ఒడ్డున కాక ఈ తెప్పల మీదే కాపురముండవలసి వచ్చేదని చరిత్ర చెబుతుంది. హజరమౌత్ నుంచి వచ్చిన అరబ్బులకు మాత్రం నేల మీద నివసించే అవకాశం దొరికింది. 13 ఉలులోని అల్ మునవ్వర్ పేట వారి సంతతిదే. పరదేశికి నేల ఇవ్వాలా, వద్దా అన్న ప్రశ్న ఆ ఊరికి కొత్తది కాదన్నమాట.

భూమి ఎవరి పేర?

ఇండోనేషియా భూచట్టానికి మూలం 1960 నాటి వ్యావసాయిక మూలచట్టం. దాని ప్రకారం సంపూర్ణ యాజమాన్య హక్కును 'హక్ మిలిక్' అంటారు. హక్కు, మిల్కియత్ అనే మాటలు మనకు పరిచితమైనవే. అరబ్బీ నుంచి మనకూ వారికీ వచ్చినవే. ఈ హక్కు ఇండోనేషియా పౌరులకే చెందుతుంది. విదేశీయునికి 'హక్ పకాయ్', అంటే వినియోగ హక్కు మాత్రమే లభిస్తుంది. 2021 నాటి నిబంధన ప్రకారం దానిని ముందు 30 ఏళ్లకు ఇస్తారు. తర్వాత 20 ఏళ్లకు పొడిగించవచ్చు, ఆపైన మరో 30 ఏళ్లకు పునరుద్ధరించవచ్చు. నిబంధనల ప్రకారం వలస పత్రాలు ఉండాలి. ప్రాంతాన్ని బట్టి ఇంటికి కనీస ధర కూడా నిర్ణయించారు. కనుక పాత పేటలోని చిన్న ఇంటికి ఈ దారి తరచుగా కుదరదు.

ఇక బావమరిది పేర కొనే ఉపాయానికి మన వాడుకలో ఒక మాట ఉంది: బినామీ. ఆ మూలచట్టంలోని 26వ సెక్షన్ దీనిని సూటిగా అడ్డుకుంటుంది. ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ హక్ మిలిక్‌ను విదేశీయునికి బదిలీ చేయజూసే ఒప్పందం చెల్లదు. భూమి ప్రభుత్వపరం అవుతుంది, చెల్లించిన సొమ్ము తిరిగి రాదు. కనుక అసలు యజమానివి నీవేనని రాసిన ఆ కాగితం రేపు న్యాయస్థానంలో రక్షణ కాదు, మీ మీద మీరే ఇచ్చుకున్న సాక్ష్యం.

ధర్మం వైపు నుంచి చూసినా ఇది నిలవదు. ఒక దేశంలో నివసించే అనుమతి తీసుకున్నవాడు దాని చట్టాన్ని పాటిస్తానని మాట ఇచ్చినట్టే. మాట తప్పడం మనకు నిషిద్ధం. పైగా ప్రభుత్వ కార్యాలయంలో "ఈ ఇల్లు నాది" అని బావమరిది సంతకం చేయాలి, ఇంట్లో "నాది కాదు" అని రాయాలి. రెంటిలో ఒకటి అబద్ధం. ఆయన మరణిస్తే వారసులు ఏ కాగితాన్ని నమ్మాలి? అనాథ పిల్లలకు వారి తండ్రి ఇల్లు వారిది కాదని ఎవరు చెప్పాలి? నేను అతనికి రాసినది ఇంతే: "నాయనా, మీ భార్య అన్నను అబద్ధంలో భాగస్వామిని చేసి మొదలుపెట్టే కాపురం వద్దు."

భార్య పేర కొంటే?

అతని భార్య ఇండోనేషియా పౌరురాలు కనుక ఆమె హక్ మిలిక్ పొందవచ్చు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ దేశపు 1974 వివాహ చట్టం ప్రకారం పెళ్లి తర్వాత సంపాదించినది దంపతుల ఉమ్మడి ఆస్తి. అలాగైతే సగం విదేశీయునికి చెందినట్టవుతుంది కనుక భార్య పేర కూడా హక్ మిలిక్ నిలవదు. దీనికి పరిష్కారం ఆస్తుల వేర్పాటు ఒప్పందం. పూర్వం దానిని పెళ్లికి ముందే చేసుకోవలసి ఉండేది. ఒక ఇండోనేషియా మహిళ వేసిన పిటిషన్‌పై రాజ్యాంగ న్యాయస్థానం 2016లో ఇచ్చిన తీర్పుతో ఇప్పుడు పెళ్లి తర్వాత కూడా నోటరీ వద్ద చేసుకోవచ్చు. ముస్లింలు దానిని తమ నికాహ్ నమోదు చేసే మతవ్యవహారాల కార్యాలయంలో దాఖలు చేయాలి.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. షరీఅత్‌లో భార్య ఆస్తి మొదటినుంచీ ఆమెదే. మహర్ గానీ, పుట్టింటి వాటా గానీ, స్వార్జితం గానీ, భర్త దానికి యజమాని కాడు. అక్కడి దంపతులు నోటరీ వద్ద రాయించుకునే ఒప్పందం మన ఫిఖహ్ ఎప్పటినుంచో చెబుతున్నదే.

కానీ వెంటనే మరో ప్రశ్న లేస్తుంది: సొమ్ము భర్తది, ఇల్లు భార్య పేర. మరి ఆ సొమ్ము ఏమిటి? బహుమానమా, అప్పా? దీనిని మాట్లాడుకోకుండా వదిలేయడమే చాలా కాపురాలలో కలహానికి మూలం. బహుమానం, అంటే హిబా అయితే, ఆమె స్వాధీనం చేసుకున్న తర్వాత తిరిగి అడగరాదు. దంపతుల మధ్య హిబాను హనఫీ న్యాయవేత్తలు వెనక్కు తీసుకోరానిదిగా నిర్ణయించారు. ఇండోనేషియా అనుసరించే షాఫయీ మార్గంలోనూ భర్తకు ఆ వీలు లేదు. అప్పు అయితే నిజమైన అప్పే కావాలి. మొత్తం, గడువు, సాక్షులు అన్నీ వ్రాతలో ఉండాలి. అప్పును వ్రాసి పెట్టుకొమ్మని దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికంటే సుదీర్ఘమైన ఆయత్ ఆదేశిస్తున్నది. పేరుకు అప్పని రాసి, లోపల ఇంటి మీద పెత్తనం ఉంచుకుంటే అది మళ్లీ బినామీయే.

"రేపు ఏదైనా జరిగితే నా పన్నెండేళ్ల కష్టం ఏమవుతుంది?" అని అతను రెండో ఉత్తరంలో అడిగాడు. భయం సహజమే. దానికి నా సలహా ఇది: ఇచ్చి మరచిపోగలిగినంత మాత్రమే హిబాగా ఇవ్వు. మొత్తం పొదుపు ఇటుకలలో పెట్టకు. ఇక్కడ ఊరిలో నీ తల్లి ఉన్నది, ఆమె హక్కు నీ ఇంటి కంటే ముందుది.

పిల్లల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించాలి. మిశ్రమ దంపతుల సంతానం 18 ఏళ్ల వరకు రెండు పౌరసత్వాలు కలిగి ఉండవచ్చునని, ఆపైన మూడేళ్లలో ఒకటి ఎంచుకోవాలని ఇండోనేషియా 2006 చట్టం చెబుతుంది. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. హక్ మిలిక్ వారసత్వంగా విదేశీయునికి సంక్రమిస్తే ఏడాదిలోగా దానిని వదులుకోవాలి. కనుక పిల్లల పౌరసత్వం ఇంటి భవితవ్యాన్ని కూడా నిర్ణయిస్తుంది.

వడ్డీ లేని బాట

ఇంటి ఋణం విషయంలో ఆ దేశం మన కంటే సులువైన స్థితిలో ఉంది. 1992 నుంచి అక్కడ ఇస్లామీయ బ్యాంకు పనిచేస్తున్నది. 2021లో మూడు ప్రభుత్వరంగ ఇస్లామీయ బ్యాంకులు కలిసి బ్యాంక్ షరియా ఇండోనేషియాగా ఏర్పడ్డాయి. గృహ సహాయం ముఖ్యంగా రెండు విధాలు. మురాబహాలో బ్యాంకు ఇల్లు కొని, తన లాభాన్ని ముందే చెప్పి, వాయిదాలపై అమ్ముతుంది. తరిగే భాగస్వామ్య పద్ధతిలో బ్యాంకూ మీరూ కలిసి కొంటారు. మీరు అద్దె చెల్లిస్తూ బ్యాంకు వాటాను కొద్దికొద్దిగా కొనుక్కుంటారు. పేరులో షరియా ఉన్నంత మాత్రాన చదవకుండా సంతకం చేయరాదు. ఆలస్య రుసుము ఎటు పోతుందో, ముందుగా తీర్చివేస్తే ఏమి తగ్గిస్తారో అడిగి తెలుసుకోవాలి.

మన దేశంలో నివసిస్తూ సొమ్ము పంపేవారికి రిజర్వు బ్యాంకు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి విధించింది. ఏ దారిన పంపినా బ్యాంకు ద్వారానే పంపాలి, హవాలా వద్దు.

నేల, నీరు, పొగ

పాలెంబాంగ్ నేలలో చాలా భాగం చిత్తడి. జకబారింగ్ ప్రాంతమంతా పూడ్చిన చిత్తడి నేలే. చిత్తడిని పూడ్చితే వాననీటికి చోటు తగ్గుతుంది, వీధిలోకి వస్తుంది. 1908లో మన మూసీ హైదరాబాదుకు నేర్పిన పాఠం ఏ నదికైనా వర్తిస్తుంది: నీటి చోటును నీటికి వదలాలి. నదికి మరీ దగ్గరగా, తీర పరిమితి లోపల కట్టిన ఇళ్లకు భవిష్యత్తులో తొలగింపు బెడద కూడా ఉంది. అందుచేత ఇల్లు ఎండాకాలంలో కాక వానాకాలంలో చూడాలి. ఎండాకాలంలో మరో బాధ ఉంది. చుట్టుపక్కల పీట్ నేలలు అంటుకుంటే నగరమంతా పొగ కమ్ముకుంటుంది. 2015లోనూ 2019లోనూ అదే జరిగింది. చిన్న పిల్లలున్నవారు, ఉబ్బసం ఉన్నవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

కాగితాల విషయంలో ముందు భూకార్యాలయంలో ధ్రువపత్రం సరిచూపించాలి. తర్వాత అధికృత దస్తావేజు అధికారి ఎదుట క్రయపత్రం రాయించాలి. కొనేవారు మినహాయింపు పోగా 5 శాతం వరకు, అమ్మేవారు 2.5 శాతం పన్ను చెల్లిస్తారు. పన్ను తగ్గించుకోవడానికి ధర తక్కువ చేసి రాయమనేవారు అక్కడా ఉంటారు, ఇక్కడా ఉన్నారు. అది అబద్ధపు సాక్ష్యమని మరువరాదు.

పేట అంటే పొరుగు

ఆ దేశంలో ప్రతి వీధికీ 'రుకున్ తెతంగ్గా' అనే పొరుగువారి సంఘం ఉంటుంది. కొత్తగా వచ్చినవారు, రాత్రి బస చేసే అతిథులు దాని పెద్దకు తెలియజేయాలి. అందరూ కలిసి వీధి కాలువలు శుభ్రం చేసుకుంటారు. ఎవరింట చావు జరిగినా వీధి అంతా కదులుతుంది. దైవప్రవక్త (స) పొరుగువాని హక్కును ఎంతగా నొక్కి చెప్పారంటే, వారసత్వంలోనూ వాటా ఇస్తారేమోనని అనిపించేది. ఇమామ్ గజాలీ ఇహ్యాలో పొరుగువారి హక్కులను వివరంగా రాశారు. హనఫీ ఫిఖహ్‌లో పక్క ఇల్లు అమ్మకానికి వస్తే కొనే మొదటి హక్కు పొరుగువానికి ఉంది. దానినే షుఫఆ అంటారు. ధర పెరుగుతుందని కొని తాళం వేసిపోయేవాడు ఆ వీధికి ఒక పొరుగును తగ్గిస్తున్నాడు.

అందుకే ముందు కొనవద్దని, ఒక ఏడాది అద్దెకు ఉండి చూడమని అతనికి రాశాను. అక్కడ ఏడాది అద్దె ముందుగానే చెల్లించే పద్ధతి ఉంది. అతను అలాగే చేశాడు. ఆస్తుల వేర్పాటు ఒప్పందం పూర్తయింది. సగం పొదుపును సాక్షుల ఎదుట భార్యకు హిబా చేశాడు.

ఇల్లు మాత్రం ఇంకా కొనలేదు. నచ్చిన కర్ర ఇల్లు ఒకటి దొరికింది. అది తాతల నాటిది, ఏడుగురు వారసుల ఉమ్మడి ఆస్తి. ఆరుగురు సంతకం చేశారు. వేరే ఊరిలో కాపురమున్న ఒక చెల్లెలు చేయలేదు. "ఆమె కాదనదు, మేము చూసుకుంటాం, మీరు బయానా ఇవ్వండి" అని అన్నలు అంటున్నారు. మన ఊళ్లలోనూ ఆడపిల్ల వాటా గురించి అన్నలు చెప్పే మాట ఇదే. ఒక జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు పడుతుందని హదీసు హెచ్చరిస్తుంది.

మొన్న అతని ఉత్తరం వచ్చింది. బయానా ఇవ్వలేదట. ఈద్‌కు ఆ చెల్లెలు పుట్టింటికి వస్తుందని తెలిసి, తన భార్యను ఆమె వద్దకు పంపి నేరుగా అడిగిస్తానని రాశాడు. ఆమె అంగీకరిస్తే ఇల్లు, అంగీకరించకపోతే మరో ఏడాది అద్దె. నేను జవాబు రాస్తూ ఒకే మాట చేర్చాను: "ఆమె కాదన్నా సలామ్ చెప్పి రండి. రేపు ఆమె మీ పొరుగు కావచ్చు."