బిరడా ఎగిరిన రంధ్రం నుంచి ఎర్ర దీపం దాకా

1880ల మొదట్లో బీచమ్ టవర్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఏ నూనె ఇరుసు రాపిడిని ఎంత తగ్గిస్తుందో తేల్చమని ఆ దేశపు మెకానికల్ ఇంజినీర్ల సంస్థ ఆయనకు పని అప్పజెప్పింది. ఒక దశలో, నూనె పోయడానికి వీలుగా ఉంటుందని బేరింగు నెత్తిన రంధ్రం వేయించాడు. యంత్రం తిప్పితే, పై నుంచి పోసే నూనె లోపలికి పోవడం మాట అటుంచి, లోపలి నూనే ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. కార్కు బిరడా పెడితే దాన్ని బయటికి నెట్టేసింది. చెక్క బిరడాకూ అదే గతి పట్టింది. చివరికి అక్కడ పీడనం కొలిచే గేజీ బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. బేరింగు మీద వేసిన బరువేమో సగటున 100 పౌండ్లే!

టవర్ ఈ సంగతి 1883లో ప్రకటించాడు. ఎందుకలా జరిగిందో 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చెప్పాడు. తిరిగే ఇరుసు తనకు అంటుకున్న నూనెను పోనుపోను ఇరుకయ్యే సందులోకి ఈడ్చుకుపోతుంది. అక్కడ ఇరుకున పడ్డ నూనె ఎదురుతిరిగి బరువును ఎత్తి పట్టుకుంటుంది. అంటే ఇరుసు తిరిగేది లోహం మీద కాదు, పలచని నూనె పొర మీద. మన కారు ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్టును మోసేదీ ఈ పొరే. దాని మందం ఒక మిల్లీమీటరులో వందో వంతో, అంతకన్నా తక్కువో. బరువు మోసే పీడనాన్ని షాఫ్టు తిరుగుతూ తనే పుట్టించుకుంటుంది. సందులోంచి కారిపోయే నూనెకు బదులు కొత్త నూనె అందిస్తూ ఉండడమే ఆయిల్ పంపు పని. అందించడం ఆగితే పొర తెగుతుంది, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది, కొద్దిసేపట్లోనే ఇంజిన్ పట్టేస్తుంది.

పంపుతో బలవంతాన నూనె నెట్టే పద్ధతి 1890లో బర్మింగ్‌హామ్‌లోని బెల్లిస్ అండ్ మోర్కమ్ వాళ్ల ఆవిరి ఇంజిన్లతో నిలదొక్కుకుంది. కార్లు మాత్రం దాన్ని తాపీగా అందుకున్నాయి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఆయిల్ పంపే లేదు. తిరిగే ఫ్లైవీల్ చిమ్మిన నూనె ఒక గొట్టంలో పడి ముందువైపుకు పారేది. నూనె ఎంత ఉందో చూడాలంటే కారు కిందికి దూరి చిన్న కుళాయి తిప్పాల్సిందే.

పంపు వచ్చాక పీడనం చూపే గేజీ కూడా డాష్‌బోర్డు ఎక్కింది. అందులోని వంపు గొట్టం 1849లో పారిస్‌లో యూజీన్ బూర్డన్ పేటెంటు చేసినదే. 1930లలో అమెరికాలో హడ్సన్ కార్లు ఆ ముల్లు తీసేసి దీపం పెట్టాయి. ముల్లయితే పీడనం మెల్లగా దిగజారడాన్ని నెలల ముందే చూపేది. దీపానికి ఆ ఓపిక లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీలు చేసిన ఈ మార్పు వల్ల కారు యజమాని నష్టపోయాడనే నా అభిప్రాయం.

ఆ దీపాన్ని వెలిగించే స్విచ్చు బొటనవేలంత ఉంటుంది. లోపల ఒక పొర, దాని వెనక స్ప్రింగు. నూనె పీడనం పొరను నెడితే కరెంటు తెగి దీపం ఆరుతుంది. పీడనం లేకపోతే స్ప్రింగు మళ్లీ కలుపుతుంది. తాళం తిప్పగానే దీపం వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయేది ఇందుకే. తాళం తిప్పినా వెలగకపోతే సంతోషించకండి, బల్బో వైరో పోయిందన్నమాట. చాలా కార్లలో ఈ స్విచ్చు కలిపే హద్దు సుమారు 0.3 నుంచి 0.5 బార్. వేడెక్కిన ఇంజిన్ రోడ్డు మీద మామూలుగా 2 నుంచి 4 బార్ చూపాలి. అంటే దీపం వెలిగే సరికి పీడనం ఎంత పడిపోయి ఉంటుందో చూడండి. పెట్రోలు దీపంలా ఇది ముందస్తు కబురు కాదు.

కనుక వెలగగానే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. మలుపుల్లోనో బ్రేకు వేసినప్పుడో మాత్రమే దీపం మినుకుమంటుంటే, నూనె తగ్గి పంపు గాలి పీలుస్తోందని అనుమానించాలి. డిప్‌స్టిక్ మీద పెట్రోలు వాసన వేస్తుంటే నూనె పలచబడింది. మట్టం సరిగ్గా ఉన్నా దీపం వెలుగుతోందంటే మాత్రం మళ్లీ స్టార్టు చేయకూడదు, బండిని లాగించుకుపోవాలి.

షెడ్డులో మొదట స్విచ్చు వైరు ఊడదీసి తాళం తిప్పుతారు. అప్పుడూ వెలుగుతుంటే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఆరిపోతే తప్పు స్విచ్చుదో, నిజంగా పీడనానిదో. ఆ రెంటిలో ఏదో తేల్చేది ఒక్కటే పరీక్ష: స్విచ్చు విప్పి ఆ రంధ్రంలోనే ముల్లు గేజీ బిగించి చూడడం. గేజీలో పీడనం బాగుంటే కొత్త స్విచ్చుతో పని అయిపోతుంది.

గేజీ కూడా తక్కువ చూపితే వెతకాల్సినవి చాలా ఉన్నాయి. పంపు నూనె పీల్చే చోట మడ్డి పట్టిన జాలీ, పీడనం మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోవడం, అరిగిన పంపు. మన స్పీడ్‌బ్రేకర్లకు తగిలి ఆయిల్ ఛాంబర్ లోపలికి నొక్కుకుపోతే, అది జాలీకి ఆనుకుని నూనె దారి మూసేస్తుంది. ఇవేవీ కాకపోతే బేరింగులు అరిగాయి. మేడ మీద ట్యాంకు నిండుగా ఉన్నా, ఇంట్లో కుళాయిలన్నీ తెరిస్తే ధార సన్నబడుతుంది కదా, అరిగిన బేరింగుల్లోంచి నూనె అలా జారిపోతుంది. వేడి మీద, ఐడిలింగ్‌లో దీపం మినుకుమని, రేజ్ చేయగానే ఆరిపోవడం తరచు దీని లక్షణం. చిక్కటి నూనె పోసి దీపం ఆర్పేసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. దానితో అరుగుదల ఆగదు, కబురు రావడం ఆగుతుంది, అంతే.

అందుకని, ఇంజిన్ విప్పుదామని ఎవరైనా అంటే ముందు గేజీ పెట్టించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఐడిలింగ్‌లో ఎంత, రేజ్ చేస్తే ఎంత, ఆ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకుని, మీ కారు మాన్యువల్‌తో పోల్చుకున్నాకే ఒప్పుకోండి.